అడ్మిట్ అయితేనే జబ్బా?

మా తమ్ముడికి బైపోలార్, అంటే కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు తీరని దిగులు కమ్మేసే మానసిక జబ్బు. ఆరేళ్లయింది. ఈ మాట చుట్టాల ముందు పైకి అనడానికే మాకు రెండేళ్లు పట్టింది.

పోయిన నెల వాడి మందుల డబ్బా సర్దుతుంటే సగానికి విరిచిన మాత్రలు కనబడ్డాయి. ఇదేంట్రా అంటే, "జీతం పడేదాకా సరిపెడుతున్నానక్కా" అన్నాడు. లిథియం అది! రక్తంలో ఎంత ఉందో పరీక్ష చేయించుకుంటూ, డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే వేసుకోవాల్సిన మందు. దాన్ని నెలాఖరు పంచదారలా పొదుపు చేస్తున్నాడు.

డాక్టరు ఫీజు 800. నెలకు రెండుసార్లు కౌన్సెలింగ్, ఒక్కోసారికి 1,500. మందులు, రక్త పరీక్షలు కలిపితే ఆరు వేలు దాటుతోంది. వాడి జీతం 24 వేలు.

ఆరోగ్య బీమా పాలసీ లేదా అంటే ఉంది. ఏటా ప్రీమియం కడుతున్నాం. బిల్లులన్నీ జత చేసి పంపితే ఒక్క ముక్కలో జవాబొచ్చింది: ఓపీకి వర్తించదు, 24 గంటలైనా అడ్మిట్ అయి ఉండాలి.

చట్టం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 21: ఒంటి జబ్బులకు బీమా ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలి. 2018 ఆగస్టులో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ అదే మాట కంపెనీలకు చెప్పింది. 2022 అక్టోబరులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నాలుగేళ్లు ఎవరు ఎందుకు ఊరుకున్నారో నాకైతే అర్థం కాదు.

షుగరు ఉన్నవాళ్లకూ ఓపీ ఇవ్వడం లేదుగా, అంతా సమానమే కదా అని కస్టమర్ కేర్ అమ్మాయి అంది. ఏం సమానం? కాలు విరిగితే ఖర్చంతా ఆసుపత్రిలోనే అవుతుంది. మా వాడి వైద్యమంతా ఓపీలోనే, బహుశా జీవితాంతం. మంచం పట్టకుండా కాపాడేదానికి పైసా ఇవ్వరు, మంచం పట్టాక లక్షలిస్తారు. ఇది కంపెనీకైనా లాభమా?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో బైపోలార్ ఉన్నవాళ్లలో నూటికి 70 మందికి వైద్యమే అందడం లేదని తేలింది. సర్కారు ఆసుపత్రికి వెళ్లొచ్చుగా అంటారు. "నిన్ను ఎర్రగడ్డకి పంపాలిరా" అని తిట్టుగా వాడే ఊళ్లో, ఆ గేటు దాటి లోపలికెళ్లడానికి వాడికి ఎంత ధైర్యం కావాలో ఒక్కసారి ఆలోచించండి. మానసిక సమస్యల కోసం సర్కారు నడిపే ఫోన్ హెల్ప్‌లైన్ టెలీమానస్ (14416)కి ఓ రాత్రి నేనే చేశాను. ఎత్తారు, తెలుగులో ఓపిగ్గా మాట్లాడారు. వాళ్లకి దండం. కానీ మాత్రలు కొనాల్సింది మేమే కదా.

నేనడిగేది కొత్త పథకం కాదు. ఐదు లక్షల పాలసీలో నుంచే ఏడాదికి యాభై వేలు ఓపీకి, కౌన్సెలింగ్‌కి వాడుకోనివ్వండి. అదనపు ప్రీమియం అడగకుండా.

కంపెనీ మెయిల్ చదివి వినిపించాక తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అయితే ఓసారి అడ్మిట్ అయిపోనా అక్కా?"