అల్ట్రాసౌండ్ స్కానింగ్ మెషీన్ క్యాజువాల్టీలోనే ఉండాలి

రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన మనిషిని ఆసుపత్రికి తెస్తే అందరి చూపూ ముందు తల మీదికి, విరిగిన కాలి మీదికి పోతుంది. ఛాతీ మీద కమిలిన మచ్చ తప్ప ఏమీ లేకపోతే గుండె సంగతి ఎవరికీ తట్టదు.

రొమ్ము ఎముక వెనకే గుండె కుడి జఠరిక, అంటే కుడివైపు కింది గది ఉంటుంది. స్టీరింగ్ వచ్చి గుద్దితే ఎక్కువగా దెబ్బతినేది అదే. కండరం కమలొచ్చు, కవాటం చిరగొచ్చు. అన్నిటికన్నా భయపడాల్సింది గుండె చుట్టూ ఉన్న పొరలోకి రక్తం చేరడం. ఆ పొర ఉన్నట్టుండి సాగదు. నెలల తరబడి మెల్లగా నీరు చేరితే లీటరు దాకా తట్టుకుంటుంది కానీ, నిమిషాల్లో రక్తం నిండితే 200 మిల్లీలీటర్లు చాలు, గుండె కొట్టుకోలేక ప్రాణం పోవడానికి.

దీన్ని పట్టుకోవడానికి క్లాడ్ బెక్ అనే సర్జన్ 1935లోనే మూడు గుర్తులు చెప్పాడు: బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం. కానీ ఒంట్లో రక్తం పోయినవాడికి మెడ నరాలు ఉబ్బకపోవచ్చు. క్యాజువాల్టీ గోలలో గుండె చప్పుడు సరిగ్గా వినపడదు. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను రొమ్ము ఎముక కింద ఆనిస్తే గుండె చుట్టూ చేరిన రక్తం నల్లటి పట్టీలా తెర మీద కనిపిస్తుంది. పేషెంట్‌ను మంచం మీది నుంచి కదపక్కర్లేదు. బీపీ నిలవని మనిషిని సీటీ గదికి తోసుకెళ్లే ప్రమాదమూ ఉండదు.

అయితే ఒక్క స్కాన్‌లో ఏమీ కనపడలేదని ఊరుకుంటే ముప్పే. పొర చిరిగి రక్తం ఎడమ ఛాతీలోకి జారిపోతే గుండె చుట్టూ శుభ్రంగానే కనిపిస్తుంది. కమిలిన కండరం ఈ తొందరపాటు స్కాన్‌కు అందకపోవచ్చు. అందుకే ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందో లేదో రక్తంలో చూసే ట్రోపోనిన్ పరీక్ష కూడా కావాలి. రెండూ నార్మల్‌గా ఉంటే గుండెకు పెద్ద దెబ్బ లేదనుకోవచ్చని 2012 నాటి అమెరికా ట్రామా సర్జన్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ నిలవకపోయినా, గుండె లయ కొత్తగా తప్పినా పూర్తి ఎకో, అంటే గుండెకు వివరంగా చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష, తీయాల్సిందే.

మన దేశంలో 2022లో రోడ్ల మీద 1.68 లక్షల మంది చనిపోయారు. ఆడపిల్లల భ్రూణహత్యల్ని ఆపడానికి 1994లో తెచ్చిన చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ మెషీన్‌నూ రిజిస్టర్ చేయాలి. ఆ కట్టడి అవసరమే, సడలించమని నేను అనను. కానీ రిజిస్టరైన మెషీన్ రాత్రి రేడియాలజీ గదిలో తాళం వెనక ఉంటే ప్రమాద బాధితుడికి ఏం లాభం? హైవే పక్కనున్న ప్రతి పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి ఒక మెషీన్ కేటాయించాలి. నైట్ డ్యూటీ డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, తీసిన ప్రతి స్కాన్‌నూ రికార్డు చేయించాలి.