మావాణ్ణి మేమంటాం

తిట్టుకి చుట్టరికం ఉంటుంది. చిన్ననాటి స్నేహితుడు చాన్నాళ్ళకి ఫోన్ చేసి "ఏరా వెధవా, బతికే ఉన్నావా?" అంటే ప్రాణం లేచొస్తుంది. అదే మాట ముక్కూమొహం తెలియనివాడు అంటే చెయ్యి కాలర్ దాకా వెళ్తుంది. ఇంత చిన్న సంగతి, మా ఆఫీసుకి బదిలీ మీద వచ్చిన కొత్తాయనకి ఎవరూ చెప్పలేదు.

మా అకౌంటెంటు గారిది బట్టతల. ఆయనా, స్టోర్స్ చూసే లావుపాటి ఆయనా ఒకే బ్యాచ్. పొద్దున్నే "ఒరేయ్ గుండూ", "ఏంట్రా బొండాం" అని వినపడకపోతే ఇద్దరికీ మాటల్లేవేమోనని మాకు టెన్షన్. కొత్తాయన కొన్నాళ్ళు ఇదంతా విని, కలిసిపోవడానికి ఇదే దగ్గరిదారి అనుకున్నాడు. ఓ మధ్యాహ్నం టీఏ బిల్లు పట్టుకొచ్చి, అందరిముందూ, "గుండూ, ఇది కాస్త తొందరగా పాస్ చేద్దూ!" అన్నాడు.

అకౌంటెంటు గారు పెన్నుకి మూత పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒక్కో రసీదునీ వెలుతురుకి ఎత్తి చూసి, "ఆటో రసీదు మీద సంతకం లేదండీ" అంటూ బిల్లు వెనక్కిచ్చారు. మర్నాడు తేదీ కుదరలేదు. ఆ మర్నాడు స్టాంపు మసకగా ఉంది. అందరికంటే మండిపడింది మాత్రం బొండాం గారే. "మావాణ్ణి గుండు అనడానికి మీరెవరండీ?"

కొత్తాయనకి ఉక్రోషం వచ్చింది. "వాళ్ళంటే ముద్దు, నేనంటే బూతా? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండానా?" అని కనిపించినవాళ్ళనల్లా ఆపి అడగడం మొదలుపెట్టాడు. అలా లీగల్ సెక్షన్ మేడమ్‌కి దొరికిపోయాడు.

"గుండు సంగతి సరదా, వదిలేయండి. నిజంగా గుచ్చుకునే మాటలు చూడండి" అని ఆవిడ కుర్చీ ఇటు తిప్పారు. ఓటుహక్కు కోసం పోరాడే ఆడవాళ్ళని వెక్కిరించడానికి 1906లో లండన్ డైలీ మెయిల్ పత్రిక 'సఫ్రజెట్' అనే మాట పుట్టిస్తే, 1912లో వాళ్ళు తమ పత్రికకే ఆ పేరు పెట్టుకున్నారట. అమెరికాలో ఆసియా మూలాల కుర్రాళ్ళు తమ కళ్ళని ఎగతాళి చేసే మాటనే బ్యాండుకి పేరుగా పెట్టుకుంటే, ట్రేడ్‌మార్క్ ఆఫీసు కాదంది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు కుర్రాళ్ళ పక్షాన తీర్పిచ్చింది.

"అంతెందుకు, మన 1989 అట్రాసిటీ చట్టమే చూడండి. నలుగురిలో కులం పేరుతో దూషించడం నేరమన్నా, ఆ దూషించినవాడు ఎస్సీ, ఎస్టీ కానివాడైతేనే ఆ సెక్షన్. మాటలు పడ్డవాళ్ళకీ పడనివాళ్ళకీ ఒకే కొలత పెట్టలేదు."

కొత్తాయనా తక్కువవాడేం కాదు. రిచర్డ్ ప్రయర్ సంగతి ఎత్తాడు. ఆ నల్లజాతి హాస్యనటుడు తమవాళ్ళని తిట్టే మాటతోనే ఏళ్ళ తరబడి జనాన్ని నవ్వించి, 1979లో కెన్యా వెళ్ళొచ్చాక ఇక దాన్ని వాడనన్నాడు. "చూశారా, ఆయనే వద్దన్నాడు!"

"అన్నాడు. కాదన్నవాళ్ళూ వాళ్ళలోనే ఉన్నారు. అది వాళ్ళింటి తగువు. తీర్పు చెప్పమని మిమ్మల్ని పిలిచారా?"

(ఈ ప్రశ్నకి జవాబు చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. "మాకు స్వేచ్ఛ లేదా" అని మాత్రం అందరూ అంటారు. ఆ తిట్టు వాడకపోతే గడవని పని ఏముందో ఎవరూ చెప్పరు.)

కొత్తాయనకో అలవాటుంది. కొడుకు ప్రస్తావన వస్తే చాలు, "మా దద్దమ్మ లేచేసరికే పది", "మా దద్దమ్మకి లెక్కలు రావు" అంటాడు. బొండాం గారు ఇది కనిపెట్టారు. మర్నాడు ఎంతో ఆప్యాయంగా దగ్గరికెళ్ళి, "ఏమండీ, మీ దద్దమ్మకి సీటొచ్చిందా?" అన్నారు.

కొత్తాయన కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "మావాణ్ణి దద్దమ్మ అనడానికి మీరెవరండీ!"

లీగల్ మేడమ్ ఫైల్లోంచి తలెత్తలేదు గానీ భుజాలు కదిలాయి. అకౌంటెంటు గారు సాయంత్రంలోగా బిల్లు పాస్ చేసేశారు. ఆటో ఖర్చు మాత్రం కొట్టేశారు.