వయోజన అక్షరాస్యత శాతం గారికి

శాతం గారూ,

ఏటా సెప్టెంబర్ 8న అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం పేరుతో మీకు జరిగే మర్యాదలు చూసి కుళ్లుకుని రాస్తున్నానని అనుకోకండి. ప్రపంచ పటం మీద ఒక్కో దేశం నెత్తిన మీరు కూర్చున్న తీరు చూస్తే, పరీక్ష పెట్టి పేపర్లు దిద్ది మార్కులేసిన మేస్టారే అనిపిస్తారు. తీరా చూస్తే చాలాచోట్ల అసలు పరీక్షే పెట్టలేదు!

జనాభా లెక్కల మనిషి తలుపు కొడతాడు, ఎవరు బయటికొస్తే వాళ్లనే మీ ఇంట్లో ఎవరెవరికి చదవడం, రాయడం వచ్చని అడుగుతాడు, ఆ ఒక్క మనిషే అందరి తరఫునా జవాబు చెప్పేస్తాడు. గడపలో నిలబడ్డ పరాయివాడి ముందు "నాకు అక్షరం ముక్క రాదండీ" అనడానికి ఎవరికైనా నామోషీయే కదా. ఇంకో రకం ఉంటాడు, భార్య లోపల పేపరు చదువుకుంటున్నా "దానికేం వచ్చు" అంటాడు. ఇద్దరి మాటా మీ ఖాతాలోకే. ఒక వాక్యం రాసిన కార్డు చేతికిచ్చి చదవమనే సర్వేలు కూడా ఉన్నాయి లెండి, కాకపోతే అలా చదివించి చూసినప్పుడు మీరు తరచూ కాస్త చిక్కిపోతుంటారు.

యునెస్కో 1958లో పెట్టిన కొలత అయినా పెద్ద కష్టమైందా? రోజువారీ జీవితం గురించి ఒక చిన్న వాక్యాన్ని అర్థం చేసుకుంటూ చదివి, రాయగలిగితే చాలు. వయోజనుల లెక్కకు 15 ఏళ్లు నిండాలి. భారత జనాభా లెక్కలు మాత్రం 7 ఏళ్ల నుంచే మొదలెడతాయి, 2011లో మొదట ప్రకటించిన 74.04 శాతం అలాంటిదే. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వాదించుకునే వాళ్లను చూసి మీరు నోరు మెదపరు.

డబ్బున్న దేశాలంటే మీకు మరీ మొహమాటం. వాటిలో చాలావాటికి లెక్కే లేకపోతే, ఆయుష్షు, చదువు, ఆదాయం కలిపి దేశాలను కొలిచే ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచికలో 99 అని వేసేసుకునేవారు, 2010లో ఆ సూచికలోంచి మిమ్మల్నే తప్పించేవరకూ. తర్వాత ఎక్కువగా ధనిక దేశాలే ఉన్న కూటమి ఓఈసీడీ వాళ్లు 2023 సర్వేలో నిజంగానే చదివించి చూస్తే అమెరికాలో నూటికి 28 మంది పెద్దవాళ్లు చదివే సామర్థ్యంలో మొదటి మెట్టు మీదో, అంతకంటే కిందో తేలారు. వాళ్లలో ఎక్కువమందికి చిన్న వాక్యాలు వచ్చు, కాస్త పొడుగాటి కాగితం ఇచ్చి ఫలానా సంగతి ఎక్కడుందో చూడమంటేనే తడబాటు. ఉత్తర కొరియా అయితే ఏకంగా 100 అని రాసిచ్చింది, మీరు పుచ్చుకున్నారు.

తేడాలన్నీ అబద్ధాలేనని నేననను. చాద్‌లో మీరు 30 కూడా దాటలేదు, అఫ్గానిస్తాన్‌లో 40కి లోపే. ప్రపంచంలో చదువురాని 70 కోట్లకు పైగా పెద్దవాళ్లలో ఇంచుమించు మూడింట రెండొంతులు ఆడవాళ్లే. వాళ్లలో చాలామంది బడికి వెళ్లాల్సిన వయసులో వెళ్లనివ్వకపోతే అలాగే ఉండిపోయినవాళ్లు.

అసలు నా కోపం ఇక్కడే. ఏ దేశంలోనైనా మీరు రెండు పాయింట్లు పెరిగితే మంత్రులు దండలు వేయించుకుంటారు. ఆ పెరుగుదలలో పెద్ద వాటా ఎక్కడిదో మీకు తెలీదా? చదువుకున్న పిల్లలు 15 నిండి మీ జాబితాలోకి వస్తారు, చదువురాని ముసలివాళ్లు కాలం చేసి తప్పుకుంటారు. అరవై ఏళ్ల ఆవిడకు పలక పట్టుకుని కూర్చునే చోటు ఎవరూ చూపించకపోయినా, ఆవిడ పోయిన రోజు మీరు కొంచెం పైకి జరుగుతారు.

ఇట్లు,
15 నిండిన ఒక వయోజనుడు

(నాకు చదవడం వచ్చో రాదో మా ఇంట్లో ఎవరినైనా అడిగి రాసుకోండి.)