నలభై అయిదు వేల మోక్షం

పెళ్లికొడుకు మొహం నల్లగా వచ్చినా, మైపాడు సముద్రం ఒక పక్కకి ఒరిగినా, తలంబ్రాలు పోసే వేళకి ఫోకస్ పోయి వెనకున్న ఫ్యాను మీద కూర్చున్నా కారణం ఒక్కటే: క్రాప్ సెన్సారు, అంటే కెమెరాలో బొమ్మను పట్టే చిప్పు చిన్న సైజుది కావడం. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఈ విషయంలో ఇప్పుడు రెండో మాట లేదు. సెన్సారు పెద్దదైతే ఒరిగిన సముద్రం తనంతట తానే లేచి నిలబడుతుంది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతను ప్రచారంలో పెట్టినవాళ్ల ఇంట్లో అమ్ముడుపోని కెనాన్ 1500డి క్రాప్ కెమెరా ఒకటి ఉండే ఉంటుంది.

కాబట్టి ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సారు కెమెరా, కావాలా వద్దా అన్న చర్చ ఇక్కడ అనవసరం. అది తేలిపోయింది. తేలాల్సింది డబ్బు సంగతే. చీటీ పాడగా వచ్చిందీ, బండి ఇన్సూరెన్సు కట్టకుండా మిగిల్చిందీ కలిపి చేతిలో 45 వేలు ఉన్నాయనుకుందాం. ఈ మొత్తానికి కొత్త ఫుల్‌ఫ్రేమ్ రాదు. సెకండ్‌హ్యాండే గతి.

ముందు ఏం కొంటున్నామో కొలుచుకుందాం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. కెనాన్ క్రాప్ సెన్సారు 22.3కి 14.9. వైశాల్యంలో తేడా సుమారు 2.6 రెట్లు, స్టాపుల్లో (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) చెప్పాలంటే ఒకటింబావు కంటే కాస్త ఎక్కువ. ఒకే తరం సెన్సార్లయితే, క్రాప్‌లో ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) 2500 దగ్గర కనబడే గరుకు ఇక్కడ 6400 దగ్గర కనబడుతుంది. మంచి లాభమే, కాదనేవాడు లేడు. అయితే కిట్‌తో వచ్చిన 18-55 లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుగు వెళ్లే రంధ్రం, అంటే అపెర్చరు, అంత పెద్దది). దాన్ని తీసి 50 ఎంఎం ఎఫ్/1.8 తగిలిస్తే లోపలికి వచ్చే వెలుగు దాదాపు పది రెట్లు. సెన్సారు మారిస్తే రెండున్నర, లెన్సు మారిస్తే పది. ఈ లెక్కను స్టూడియోల ముందూ, టీ బంకుల దగ్గరా ఎవరూ పైకి అనకూడదు. అంటే ఉద్యమం నీరుగారిపోతుంది.

అలాగే కల్యాణమండపం స్టేజీ మీద డీజే వాళ్లు వేసే ఊదారంగు ఎల్ఈడీ లైట్ల సంగతి కూడా ఎత్తకూడదు. ఆ వెలుగులో పెళ్లికూతురి చెంపలు వంకాయ రంగులోకి దిగుతాయి. ఏ సైజు సెన్సారైనా ఆ రంగునే నమ్మకంగా రాసుకుంటుంది. తెల్ల సీలింగు తక్కువ ఎత్తులో ఉంటే ఒక మాన్యువల్ ఫ్లాష్‌ని దానివైపు తిప్పి కొట్టినా పని అయిపోతుంది. కానీ ఫ్లాష్ మెడలో వేసుకుని తిరగడానికి పనికిరాదు గదా.

ఇక మోడళ్లు. కెనాన్‌లో 2005 నాటి మొదటి 5డి చవగ్గా దొరుకుతుంది. 12.8 మెగాపిక్సెళ్లు. దాంట్లో అద్దం అంటించిన జిగురు వదిలి, అద్దం ఊడి కింద పడిన సందర్భాలున్నాయి, కాబట్టి దాన్ని మరమ్మతు చేయించారో లేదో అడగాలి. 2008లో వచ్చిన 5డి మార్క్ టూ 21.1 మెగాపిక్సెళ్లది, నీడల్ని సాఫ్ట్‌వేరులో వెలుగులోకి లాగితే చారలు తేలతాయి. దానికి పాత రకం సీఎఫ్ (కాంపాక్ట్ ఫ్లాష్) కార్డు తప్ప ఇంకోటి పట్టదు. ఆ కార్డు, ఆ కార్డు రీడరు ఊళ్లో దొరుకుతాయేమో ముందే చూసుకోండి. 2012 నాటి 6డి ఈ బడ్జెట్‌కి బుద్ధిమంతుడైన సంబంధం: 20.2 మెగాపిక్సెళ్లు, మామూలు ఎస్‌డీ కార్డు, చీకట్లో గరుకు తక్కువ. ఫోకస్ పాయింట్లు 11 ఉన్నా గట్టిగా పట్టే క్రాస్ టైపు మధ్యలోది ఒక్కటే, తక్కినవి హాజరు పట్టీ కోసం.

నికాన్ వైపు వెళితే 2012 నాటి డి600 మీద జనానికి భయం. షట్టరు దగ్గర్నుంచి నూనె తుంపరలు, రేణువులు సెన్సారు మీద పడేవి. మరుసటి ఏడే డి610 తెచ్చారు, 2014లో డి600 షట్టర్లు ఉచితంగా మార్చిచ్చారు. అలా మార్పించుకున్న కాగితం ఉన్న డి600 దొరికితే, పేరు చెడిన పుణ్యాన బేరం మీ చేతిలో ఉన్నట్టే. సోనీ ఏ7 టూ బాడీలోనే కుదుపును ఆపుకుంటుంది గానీ బ్యాటరీ 350 ఫోటోలకు అటూ ఇటూగా చేతులెత్తేస్తుంది. పెళ్లికి నాలుగైదు జేబులో ఉండాలి. పైగా జపాన్‌లో అమ్మడానికి చేసిన సోనీలు కొన్ని మన వైపు తిరుగుతున్నాయి, వాటిలో మెనూ జపనీసులో తప్ప మరో భాషలో రాదు. ధర చూసి మురిసిపోయే ముందు భాషల జాబితా తెరిచి చూడండి.

అసలు దెబ్బ తగిలేది బాడీ దగ్గర కాదు, ఇంటికొచ్చి పాత లెన్సు బిగించబోయినప్పుడు. కెనాన్ క్రాప్ బాడీ మౌంటు (లెన్సు బిగించే చోటు) చుట్టూ చూస్తే ఎర్ర చుక్క ఒకటి, తెల్ల చదరం ఒకటి కనబడతాయి. 18-55, 55-250 లాంటి, క్రాప్ బాడీకే చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సుల మీద ఉండేది తెల్ల చదరం. 6డి మౌంటు మీద ఎర్ర చుక్క ఒక్కటే. చదరం కలిసే చోటే లేదు, లెన్సు ఎక్కదు. బలవంతంగా ఎక్కించే ఉపాయాలు చెప్పే మహానుభావులు ఉంటారు. ఆ లెన్సు వెనక భాగం లోపలికి పొడుచుకుని ఉంటుంది, ఫుల్‌ఫ్రేమ్ అద్దం పెద్దది, మొదటి క్లిక్కుకే రెండూ పలకరించుకుంటాయి. అంటే 6డి కొన్న రోజున మీ పాత లెన్సులన్నీ ఒక్క సంతకంతో పదవీ విరమణ చేసినట్టు. నికాన్‌లో ఇంత కాఠిన్యం లేదు. డీఎక్స్ (క్రాప్) లెన్సు ఎక్కుతుంది, కెమెరా దాన్ని గుర్తుపట్టి సెన్సారులో మధ్య భాగాన్నే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల డి750 అప్పుడు 10 మెగాపిక్సెళ్లది అవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కొని క్రాప్ వాడుకునే ఈ సౌకర్యం చూసి ఆనందించాలో ఏడవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

పులికాట్‌లో రాజహంసలు తీసేవాళ్లకి ఇంకో కానుక ఉంది. 55-250 చివర్న క్రాప్ బాడీ మీద 400 ఎంఎం చూపు ఇచ్చేది. 6డికి ఎక్కే లెన్సులో 250 అంటే 250. అంతే దగ్గరగా కనబడాలని ఫోటోను కత్తిరిస్తే 20 మెగాపిక్సెళ్లలో మిగిలేది సుమారు 8. 1500డిలో అదే పక్షికి 24 దక్కేవి. ఫుల్‌ఫ్రేమ్ గౌరవార్థం పక్షి కాస్త దూరం జరిగిందని సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు బేరానికి పోదాం. అమ్మేవాళ్లందరిదీ ఒకే వంశం. ‘ఇంట్లోనే వాడినామన్నా. పాప పుట్టినప్పుడు కొన్నాం, బీరువాలోనే ఉండాది. ఒక్క పెళ్లి తీసుంటే ఒట్టు’ అంటారు. ఆ పాప ఇప్పుడు ఇంటర్ చదువుతూ ఉంటుంది. ఒంగోలు గిత్తను కొనేవాడు అమ్మేవాడి ఒట్టు వినడు, మూతి పైకెత్తి పళ్లు చూస్తాడు: పాలపళ్లా, రెండు పళ్లా, ఆరు పళ్లా. కెమెరాకి పళ్ల స్థానంలో షట్టరు కౌంటు, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందన్న లెక్క, ఉంటుంది. నికాన్‌లో అది తీసిన ఫోటో ఫైలు సమాచారంలోనే దొరుకుతుంది. ఈ కెనాన్‌లలో దొరకదు, కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి సాఫ్ట్‌వేరుతో చదవాలి. ఇక్కడే ఒక చిన్న మాయ జరుగుతుంది. తెర మీద ఫోటో నంబరు 4312 చూపించి ‘ఇంతే తిరిగిందన్నా’ అంటారు. ఆ నంబరు 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. 4312 అంటే 14312 కావచ్చు, 94312 కూడా కావచ్చు.

6డి షట్టరుకి కంపెనీ చెప్పిన ఆయుష్షు లక్ష. 5డి మార్క్ త్రీ, డి610లకి లక్షా యాభై వేలు. పెళ్లికూతుర్ని చేయడం మొదలు సత్యనారాయణ వ్రతం దాకా ఒక పెళ్లికి నాలుగు వేల క్లిక్కులు వేసుకున్నా, లక్షంటే 25 పెళ్లిళ్లు. మాఘమాసం, శ్రావణమాసం గట్టిగా రెండుసార్లు వస్తే చాలు. పోనీ కౌంటు తక్కువుందని సంబరపడొద్దు. వీడియోకి వాడిన బాడీలో గంటసేపు రికార్డు చేసినా షట్టరు లెక్క పెద్దగా పెరగదు, వేడెక్కేది సెన్సారు. కౌంటు ఎనిమిది వేలుండి, పట్టుకునే చోట రబ్బరు నునుపుదేలి, ట్రైపాడ్ బిగించే చోట గీతలు వలయాలుగా తిరిగి ఉంటే అది వీడియో వాళ్ల ఇంటి బిడ్డ.

పరీక్షకి పగటి వెలుగు కావాలి. రాత్రి ఎనిమిదికి బస్టాండు పక్కన కలుద్దామన్నవాడికి ఓ నమస్కారం పెట్టి ఊరుకోండి. మీ కార్డు మీరే తీసుకెళ్లండి. ఎఫ్/22 పెట్టి, ఫోకస్ మాన్యువల్‌కి మార్చి, ఖాళీ ఆకాశాన్ని కావాలనే అలికినట్టు తీసి తెర మీద పెద్దది చేసి చూస్తే సెన్సారు మీది మచ్చలన్నీ బయటపడతాయి. బ్లోయరుతో ఊదితే చోటు మారేది దుమ్ము. ఎన్నిసార్లు ఊదినా అక్కడే కదలకుండా, అంచు పదునుగా కనబడేది గీత కావచ్చు, దానికి మందు లేదు. తర్వాత లెన్సు మూత పెట్టేసి 30 సెకన్లు తీయండి. నల్లటి ఫోటోలో ఎరుపు, నీలం చుక్కలు నాలుగైదు ఉంటే ఫరవాలేదు, ఆకాశంలో చుక్కలన్నీ దిగితే వద్దు. ఆ పైన షట్టరు వేగాన్ని చివరికంటా పెంచి, 6డిలో 1/4000, ఆకాశాన్ని పది సార్లు తీయండి. ఏ ఫోటోలోనైనా ఒక అంచున నల్ల పట్టీ వస్తే షట్టరు తెర వెనకబడుతోందన్నమాట. న్యూస్‌పేపరును ఏటవాలుగా పరిచి మధ్యలో ఒక వరస మీద ఫోకస్ పెట్టి తీస్తే, పదును ఆ వరస మీద పడిందో కిందకి జారిందో తెలుస్తుంది. కొంచెం జారితే 6డిలో, డి750లో సరిచేసుకునే సదుపాయం లోపలే ఉంది. సీఎఫ్ కార్డు బాడీ అయితే కార్డు గుంటలోకి టార్చి వేసి సూదులన్నీ నిటారుగా ఉన్నాయో లేదో చూడాలి. ఒక్క సూది వంగితే 5డి మార్క్ టూ అందమైన పేపర్ వెయిట్.

లెన్సుకి ఇంతకంటే గట్టి పరీక్ష. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాని తడిపి ముద్ద చేస్తాయి. ఆ మూడు నెలలు తోలు కవరులో, బీరువాలో, బట్టల మధ్య పెట్టిన లెన్సులో ఫంగస్ తన సంసారం పెట్టుకుంటుంది. అపెర్చరు పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చి వెనకనుంచి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. సన్నటి దారాలు అల్లుకుని కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయొచ్చు. శుభ్రం చేయించినా కోటింగ్ తినేసి ఉంటే ఆ మరక పోదు. మీరు కొన్నాక మాత్రం గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఓ చవక తేమ మీటరు సరిపోతాయి. 24-105 ఎఫ్/4 మొదటి తరం లెన్సు చూపిస్తే, ఎఫ్/4లో ఒకటి, ఎఫ్/11లో ఒకటి తప్పకుండా తీయండి. అపెర్చరుకి వెళ్లే పలచటి కేబుల్ తెగిపోవడం దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎఫ్/4లో నవ్వుతూ పనిచేసి, అపెర్చరు మూసేసరికి ఎర్రర్ 01 అంటుంది.

కెమెరా అడుగున ఉన్న సీరియల్ నంబరు, ఫోటో ఫైలు సమాచారంలోది, బిల్లులోది ఒకటే అయ్యుండాలి. మిలిటరీలో పనిచేస్తున్నానని, బదిలీ అయ్యిందని, సగం డబ్బు వేస్తే కొరియర్ చేస్తానని చెప్పే దేశభక్తుల్ని దూరం నుంచే సెల్యూట్ చేయండి. చెన్నై పోయి చూసుకుంటామనేవాళ్లు పొద్దున పినాకిని రైలు ఎక్కి అదే పినాకినికి తిరిగి రావాలనుకుంటే పరీక్షకి దొరికే సమయంలో కెమెరా పెట్టె తెరవడం అవుతుంది, మూయడం కాదు.

లెక్క ముగిద్దాం. బాడీకి 34 వేలు పోయాయనుకోండి. మిగిలింది 11. అందులో వాడిన 50 ఎంఎం 1.8 ఒకటి, బ్యాటరీ ఒకటి, కార్డు ఒకటి. 24-105 వచ్చే చీటీకి. అంతవరకూ పెళ్లిళ్లన్నీ 50తోనే. ఎఫ్/1.8లో రెండు మీటర్ల నుంచి తీస్తే పదునుగా వచ్చే లోతు జానెడు కూడా ఉండదు, వధువు కళ్లు మెరుస్తాయి, పక్కన అడుగు వెనక్కి నిలబడ్డ వరుడు మంచులో కలిసిపోతాడు. ఆరు మీటర్ల వెడల్పున నిలబడ్డ బంధువర్గాన్ని ఒక ఫ్రేములో పట్టాలంటే ఎనిమిదిన్నర మీటర్లు వెనక్కి జరగాలి, నెల్లూరు మండపాల్లో అక్కడ భోజనాల బంతి నడుస్తుంటుంది. ఇంత చేసి తీసిన 20 మెగాపిక్సెళ్ల ఫోటోని పెళ్లివారు వాట్సాప్‌లో పెట్టుకుంటారు, అది దాన్ని చిన్నదిగా నలిపి పంపుతుంది.

బేరానికి ఆషాఢమే మంచిది. ముహూర్తాలు ఉండవు, ఈఎంఐ ఆగదు, అమ్మేవాళ్ల గొంతు మెత్తబడుతుంది. వెంట ఫోటోగ్రాఫరు స్నేహితుణ్ణి మాత్రం తీసుకెళ్లొద్దు, బాడీ చేతిలోకి తీసుకున్న మరుక్షణం ‘ఏంది సౌండన్నా ఇది, తీసేసుకో’ అని మీ జేబుకి ఎదురు తిరుగుతాడు. కెమెరా అంటే ఏమిటో బొత్తిగా తెలియని మామని తీసుకెళ్లండి. పరీక్షలన్నీ మీరు చేసుకున్నాక, అమ్మేవాడు ముప్ఫై ఆరు అనగానే ఆయన డబ్బాలోకి తొంగిచూసి, ‘ఛార్జరు కంపెనీది కాదే. స్ట్రాపు యాడుండాది? ముప్ఫై ఒకటి’ అంటాడు.