అక్షరాలా వెయ్యి రూపాయలు మాత్రమే

మహారాజశ్రీ పసుపు చీటీ గారి సముఖానికి,

మూడో అంతస్తులో లిఫ్టు ఎదురు ఫ్లాటువాడు నమస్కరించి రాసుకునే ఉత్తరం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆనవాయితీ. కానీ మీ కుశలం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో కళ్లారా చూసినవాణ్ని గనక ఆ మాట దాటేస్తున్నాను.

మొన్న శనివారం దీపాలు పెట్టే వేళ మా సెల్లారులో మీ తొలి దర్శనమైంది. పలమనేరు నుంచి వచ్చిన మా బామ్మర్ది కారు ముందద్దం మీద, సరిగ్గా డ్రైవరు కళ్లకు అడ్డంగా కొలువై ఉన్నారు. అరచేయంత పసుపు కాగితం. పైన అసోసియేషన్ పేరు, దాని కింద రిజిస్ట్రేషన్ నంబరు. క్రమసంఖ్య 0003. 'కారణం' అన్నచోట 'అక్రమ నిలుపుదల'. 'మొత్తం' అన్నచోట అంకెల్లో 1,000. పక్కన బాల్ పెన్నుతో 'అక్షరాలా వెయ్యి రూపాయలు మాత్రమే'. కింద గుండ్రటి రబ్బరు స్టాంపు, సగం సిరా తేలి, సగం తేలక, గ్రహణం పట్టిన చంద్రుడిలాగా.

ఆ 'మాత్రమే' దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. చెక్కు మీద ఆ మాట రాస్తే ఎవడూ వెనక ఇంకో సున్నా తగిలించకుండా రాస్తారు. మీ మీద మాత్రం అది ఓదార్పులాగా వినపడింది. వెయ్యే గదా నాయనా, ఆర్సీ బుక్కు అడగలేదు గదా, అన్నట్టు.

ఆ పొద్దునే మా బామ్మర్ది 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు మీద ఏడుకొండలవాణ్ని చూసొచ్చాడు. స్వామిని చూడడానికి తలకు మూడొందలు, సెల్లారులో స్తంభాన్ని చూస్తా కారు నిలబడడానికి వెయ్యి. గుండుకు గంధం పూసుకుని, లడ్డూల సంచి చంకలో ఇరికించుకుని, వంగి ముందు చక్రానికి వేసిన పసుపు లాకును తడిమి చూస్తా ఉన్నాడు. ఇట్లాంటి సందర్భంలో తెలుగువాళ్లు వాడే మాట ఒకటుంది. ఆయన తల చూసి నేను ఆ మాట అనలేదు.

ఇంక ఈ 'మీరు', 'గారు' నా వల్ల కాదు. మాది తిరుపతి. మే నెలలో జాతరొస్తే బైరాగి వేషం, బండ వేషం కట్టుకుని తాతయ్యగుంట గంగమ్మనే నోరారా తిట్టి మొక్కు తీర్చుకునే ఊరు. అమ్మవారికే లేని పట్టింపు బిల్లుబుక్కులోంచి చించిన కాగితానికి ఎందుకు? నువ్వు అనే అంటా.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్తా విను. మా జాగా తొమ్మిది. ఆ రోజు నేను ఆఫీసులో ఉండి, "పోయి తొమ్మిదిలో పెట్టు బామ్మర్దీ" అని ఫోన్లో చెప్పినా. మా సెల్లారులో అంకెలు గోడ మీద ఉండవు, నేల మీద తెల్ల పెయింటుతో ఉంటాయి. వాటిని రాసిన పెయింటరు లిఫ్టు వైపు మొహం పెట్టి రాశాడు. గేటు నుంచి వచ్చేవాళ్లకు అన్నీ తలకిందులు. మిగతా అంకెలతో చిక్కు లేదు, తలకిందుల నాలుగును ఎవరైనా నాలుగనే అనుకుంటారు. ఆరుకు, తొమ్మిదికే వచ్చింది తంటా. మా బామ్మర్ది తొమ్మిది చూసి ఆరులో పెట్టాడు. ఆరో నంబరు ఓనరు అమెరికాలో ఉంటాడు, ఆయన కారూ అక్కడే ఉంటుంది. మూడేళ్లుగా ఆ జాగాలో వాచ్‌మన్ సైకిలు, పగిలిన కమోడొకటి కాపురం చేస్తా ఉన్నాయి. వాటికి మాత్రం ఇంతవరకు ఒక్క చీటీ పడలేదు.

నువ్వు ఊరికే పుట్టలేదులే, ఆ న్యాయం కూడా చెప్పాలి. తిరుపతిలో ఇల్లుందంటే చుట్టాలకు సత్రం ఉన్నట్టే. చిత్తూరు నుంచి, మదనపల్లె నుంచి, అటు వేలూరు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు కారు మన సెల్లారులో పడేసి, అలిపిరి తనిఖీ బాధ లేకుండా బస్సెక్కి కొండకు పోతారు. సర్వదర్శనం క్యూ పొడుగైతే కారు రెండ్రోజులు, మూడ్రోజులు. ఉండేది ఇరవై ఫ్లాట్లు, పదహారు జాగాలు. వైకుంఠ ఏకాదశికి రెండో అంతస్తు డాక్టరమ్మ కారుకు అడ్డంగా మూడు కార్లు నిలిచాయి. ఆమె ముగ్గురికీ ఫోన్ చేసింది. ముగ్గురూ క్యూ కాంప్లెక్సులో ఉన్నారు, ఫోన్లేమో కౌంటర్లో డిపాజిట్ చేసి ఉన్నాయి. ఆమె ఆటోలో డ్యూటీకి పోయింది. ఆ తర్వాతి మీటింగులోనే నీ పుట్టుక. చుట్టాల కారు నాలుగు గంటలకు మించి ఉంటే రోజుకు రెండొందలు, ఇంకొకరి జాగాలో పెడితే వెయ్యి. (మా ఊళ్లో టైముకు భలే విలువ. ఘాట్ రోడ్డులో కొండెక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలని లెక్క. అంతకంటే ముందొస్తే అక్కడ తప్పు, ఆలస్యంగా పోతే నీ దగ్గర తప్పు.)

సంగతేందని వాచ్‌మన్‌ను అడిగితే, "నాకేం తెల్దు సామీ. సెక్రట్రీ సారు అతికిచ్చమన్నాడు, అతికిచ్చినా. బంక దొరక్కుంటే మైదాపిండి ఉడకబెట్టినా" అన్నాడు. ఆ మైదా మాట గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

సెక్రటరీ గారు రిటైరైన హెడ్మాస్టరు. మా బామ్మర్ది లౌక్యం తెలిసినవాడు, ముందుగా లడ్డూ చేతిలో పెట్టాడు. ఆయన కళ్లకద్దుకుని, తూర్పుకు తిరిగి, జీడిపప్పు కూడా కింద పడకుండా తిని, చెయ్యి తుడుచుకుని, "ప్రసాదం ప్రసాదమే, ఫైను ఫైనే" అన్నాడు.

అప్పుడు నేను యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే నాతో నడిచే లాయరు మామకు ఫోన్ చేసి స్పీకరులో పెట్టినా.

"యోవ్, ఫైను వేసేదానికి వాళ్లెవురయ్యా?" అని మొదలుపెట్టాడు మామ. "చక్రానికి లాకు వెయ్యమని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ అధికారం ఇచ్చింది యూనిఫారంలో ఉన్న పోలీసుకు. అదీ బయట నలుగురూ తిరిగేచోట బండి అడ్డంగా ఉంటే."

అందరం వాచ్‌మన్ వైపు చూశాం. నీలం చొక్కా, భుజం మీద పట్టీ, మెడలో విజిలు. అతను మెల్లిగా విజిలు తీసి జేబులో వేసుకున్నాడు.

"సొసైటీ అంటే 2001 చట్టం కింద రిజిస్టరు చేసుకున్న సంఘం. దాని బైలాస్ సభ్యులకు వర్తిస్తాయి. ఊరినుంచి వచ్చిన చుట్టం సభ్యుడెట్లా అవుతాడు? సరే, గేటు దాటి లోపలికొస్తే ఒప్పుకున్నట్టే అంటారా? గేటు దగ్గర బోర్డుండాల గదా?"

బోర్డు ఉందన్నాడు సెక్రటరీ. పోయి చూశాం. ఉంది. లిఫ్టు పక్క నోటీసు బోర్డులో, వినాయక చవితి చందాల లిస్టు కింద, దాని కింద పాలవాడి ఫోన్ నంబరు, దాని కింద నువ్వు పుట్టిన తీర్మానం. మూడు పొరలు ఎత్తితే గానీ కనపడలేదు.

"ఉన్నా గానీ," అన్నాడు మామ, వదిలే రకం కాదు, "1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షనుంది. కాగితం మీద ఎంత పెనాల్టీ రాసుకున్నా కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారం వరకే. ఖాళీ జాగాలో కారు పెడితే ఎవురికి ఎంత నష్టమొచ్చిందో చెప్పమను."

కమోడుకు వచ్చిన నష్టం లెక్కగట్టడం ఎవరి వల్లా కాలేదు.

ఇక్కడ నా సొంత గోడొకటి చెప్పుకోవాలి, నీకు సంబంధం లేకపోయినా. ఈ తొమ్మిదో నంబరు జాగాకు ఫ్లాటు రేటు కాకుండా బిల్డరు వేరేగా లక్షన్నర తీసుకున్నాడు, తెల్ల కాగితం మీద రాసిచ్చి. ఆ మాట చెప్తే మామ నవ్వాడు. ముంబైలో ఒక హౌసింగ్ సొసైటీ కేసులో 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు, స్తంభాల కింది పార్కింగు అందరి ఉమ్మడి జాగా, దాన్ని బిల్డరు విడిగా అమ్ముకోవడానికి లేదు అని తేల్చిందంట. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. తర్వాత 2016లో వచ్చిన రెరా, అదే రియల్ ఎస్టేట్ చట్టం కూడా ఓపెన్ పార్కింగును ఉమ్మడి జాగాల్లోనే కలిపింది. గ్యారేజీ అంటే పైకప్పు, మూడు పక్కల గోడ ఉండాలంది. "మీ సెల్లారుకు కప్పుంది. మూడు గోడలు యాడున్నాయి?" అన్నాడు మామ. మా సెల్లారుకు మూడు పక్కలా ఉండేది గాలి. అంటే ఒకే జాగా నాకు ఫ్లాటుతో పాటు ఉమ్మడి వాటాగా ఒకసారి, బిల్డరు లక్షన్నరకు ఇంకోసారి, ఇప్పుడు నీ రూపంలో మూడోసారి వచ్చిందన్నమాట. అంగుళం పెరగకుండా.

సెక్రటరీ గారు అంతా విన్నాడు. ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు. లోపలికి పోయి మినిట్స్ బుక్కు తెచ్చి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, నా ముందు పెట్టాడు. 'అతిథుల వాహనాల తప్పులకు ఆయా ఫ్లాటు యజమానులే బాధ్యులు. ఏకగ్రీవం.' కింద సంతకాలు. నాలుగోది నాది.

చీటీ, నీ దగ్గర దాపరికమెందుకు. ఆ రోజు మీటింగులో మైసూరు బోండాలు పెట్టారు. పుస్తకం నా దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి చట్నీలో ఉంది. హాజరు పట్టీ అనుకుని ఎడం చేత్తో పుస్తకం పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో సంతకం పెట్టినా. నమ్మకపోతే పోయి చూడు, నా పేరు పక్కన ఇప్పటికీ కొబ్బరి చట్నీ మరకుంది.

"మామా, సంతకం ఉంది" అని ఫోన్లో చెప్పినా. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "కట్టేయ్, పొద్దున వాకింగులో మాట్లాడదాం" అని పెట్టేశాడు.

ఫోన్‌పేలో కట్టినా. వెయ్యి రూపాయలు మాత్రమే. లాకు తీశారు. మా ఆవిడ తమ్ముడి ముందు నన్నేమీ అనలేదు. ఆయన పోయినాక అనడానికి దాచిపెట్టుకుందని తర్వాత తెలిసింది. కారు మళ్లీ సెల్లారులో పెట్టే ధైర్యం ఇద్దరికీ లేక, బయట వీధిలో కానుగ చెట్టు కింద పెట్టి పడుకున్నాం. నిన్ను గీకే ఓపిక కూడా ఆ రాత్రి ఎవరికీ లేదు.

తెల్లారి ఆరుకు పాల ప్యాకెట్లకు దిగితే కారు బానెట్టుకు ఆనుకుని ఎర్రావొకటి నిలబడి ఉంది. మా వీధి ఆవులకు సినిమా పోస్టర్లంటే ప్రాణం, కాగితం కోసం కాదు, వెనకుండే మైదా కోసం. గరుకు నాలుకతో ముందద్దం మీద కింది నుంచి పైకి, కింది నుంచి పైకి, గుడ్డతో తుడిచినంత శుభ్రంగా నాకుతా ఉంది. నేను మెట్లు దిగేసరికి 'అక్రమ' మిగిలుంది. పరిగెత్తి దగ్గరికి పోయేసరికి అదీ పోయింది. రబ్బరు స్టాంపు సిరాతో దాని మూతి కొంచెం ఊదాగా ఉంది. అద్దం మాత్రం షోరూములో ఉన్నట్టు మెరిసిపోతా ఉంది.

అప్పటికి నాకు సంతోషమే. ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. లాయరు మామ వాకింగులో చెప్పిన మాటలన్నీ కాగితం మీద పెట్టి కమిటీకి ఇచ్చినా. ఆరు, తొమ్మిది తిరగరాయాలని, బోర్డు గేటుకు తగిలించాలని, లాకు తీసేయాలని. వాళ్లు గంటసేపు మాట్లాడుకుని, తప్పు ఒప్పుకోకుండానే, పెద్ద మనసుతో సగం వెనక్కివ్వడానికి ఏకగ్రీవంగా తీర్మానించారు. ఈసారి చదివి సంతకం పెట్టినా. చివరి లైను: 'ఒరిజినల్ చీటీ సమర్పించిన మీదట.'

ఒరిజినల్ అంటే నువ్వు. జిరాక్సు లేదు, ఫోటో తీయలేదు. బిల్లుబుక్కులో కార్బన్ కాపీ ఉంది గదా అంటే, అది ఆఫీసు రికార్డు, బయటికివ్వరంట. ఆవు తినిందని చెప్తే సెక్రటరీ గారు కళ్లజోడు పైనుంచి నా వైపు చూశాడు, హోంవర్కు తేని పిల్లవాణ్ని చూసినట్టు.

ఆ ఆవు రోజూ పొద్దున ఏడు దాటినాక కూరగాయల బండి దగ్గర ఉంటుంది. రెండు రోజులుగా నేనూ అక్కడే నిలబడి చూస్తా ఉన్నా. నువ్వు ఏ రూపంలో బయటపడినా ఫర్వాలేదు. క్రమసంఖ్య 0003, ఆ గుండ్రటి స్టాంపులో సగం కనపడితే చాలు.

ఇట్లు,
తొమ్మిదో నంబరు జాగా హక్కుదారు
(గేటు వైపు నుంచి చూస్తే ఆరు)