ఆరు చిట్కాల్లో మూడోది ప్రాణాంతకం

"తూములు శుభ్రం, ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం" అంటూ ఆరు చిట్కాలు చెప్పే సందేశం ఒకటి ఈ నెలలో నాకు పదకొండుసార్లు వచ్చింది. పంపినవారందరూ నా మేలు కోరేవారే, చదువుకున్నవారే. అయినా వారిలో ఒక్కరైనా మూడో చిట్కా దగ్గర ఆగి ఆలోచించలేదంటే నాకు బాధగానూ ఉంది, కోపంగానూ ఉంది.

మొదటి రెండింటినీ త్వరగా ముగిస్తాను. అమావాస్యనాడు తూములో గుప్పెడు కళ్లుప్పు వేయమన్నారు. ఉప్పు నీళ్లలో కలిసిపోతుంది, జిడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వంటసోడా మీద వెనిగర్ పోస్తే పైపు అద్దంలా మెరుస్తుందన్నారు. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చేది, అది చల్లారాక మిగిలే సోడియం ఎసిటేట్ నీళ్లకు వెంట్రుకల ఉండను కదిలించే శక్తి లేదు. అయితే ఈ రెండింటివల్లా ఎవరికీ హాని లేదు.

మూడో చిట్కా అలాంటిది కాదు. తూములో బ్లీచింగ్ పౌడర్ చల్లి, దానిమీద టాయిలెట్ క్లీనర్ పోసి, తలుపు మూసి తోమాలట. పొగ వస్తే మందు పనిచేస్తున్నట్టేనట. ఆ పొగ క్లోరిన్. మన బజారులో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది బ్లీచింగ్ పౌడర్‌కు తగిలిన మరుక్షణం ఈ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది దీన్నే. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కనుక ఇది పైకి పోదు, నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. తూము తోమే మనిషి గొంతుక్కూర్చుని ముఖం పెట్టేదీ సరిగ్గా అక్కడే.

నిరుడు మా పై వాటాలో పనిచేసే ఆమె ఇదే చేసింది. వెంటిలేటరుకు దోమలు రాకుండా అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. మేము తలుపు తీసేసరికి ఆమె గోడకు చేరబడి, కొంగు ముక్కుకు అదుముకుని, మాట రాక దగ్గుతోంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కొంగు క్లోరిన్‌ను ఆపదు. ఆ వాయువు కంటిలోని, గొంతులోని, ఊపిరితిత్తులలోని తడితో కలిసి ఆమ్లంగా మారుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం కొన్ని గంటల తరువాత కూడా మొదలుకావచ్చు. అందుకే దగ్గు తగ్గిందని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఇటువంటిది జరిగితే ముందు మనిషి బయటి గాలిలోకి రావాలి, బకెట్టు కోసమో చీపురు కోసమో మళ్లీ లోపలికి వెళ్లకూడదు. ఈ చిట్కాను ముందుకు పంపేవారు సోఫాలో కూర్చుని పంపుతున్నారు, పాటించేవారు తూము దగ్గర కూర్చుని పాటిస్తున్నారు. "పనిచేస్తున్నట్టే" అన్న మాట రాసినవారు ఆ పని ఎవరి ఊపిరితిత్తుల మీద జరుగుతుందో కూడా రాసి ఉండవలసింది.

నాలుగోది, రోజూ సలసల కాగే నీళ్లు పోయమనడం. పీవీసీ పైపు సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అతుకులు వదులవుతాయి. జిడ్డుకు చేయి పట్టగలిగిన వేడి నీళ్లు, కాస్త సబ్బు చాలు.

అయిదోది, డెంగీ రాకుండా ప్రతి తూములో కలరా ఉండలు వేయమనడం. డెంగీ దోమ మురుగులో కాదు, కూలర్లలోనూ, పూలకుండీల కింది పళ్లాలలోనూ, పాత టైర్లలోనూ నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. మురుగులో పెరిగేది బోదకాలును మోసే క్యూలెక్స్ దోమ. పైగా ఆ ఉండల్లోని నాఫ్తలీన్, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపమున్న పసిపిల్లల రక్తకణాలను విరగ్గొట్టగలదు. తూము మీద పెడితే, పాకే పిల్లవాడి చేతికి మొదట అందేది అదే.

ఇక ఆరోది: వాడని బాత్రూం తూములో వారానికోసారి చెంబుడు నీళ్లు పోయాలి. ఇది నిజమని ఒప్పుకోక తప్పదు, సందేశంలో ఉన్న ఒకే ఒక్క నిజం ఇది. తూము కింది వంపులో నిలిచే నీరే మురుగు వాసనకూ, బొద్దింకలకూ అడ్డు. అది ఆవిరైపోతే దారి తెరుచుకుంటుంది. మా చుట్టాల గదిలో వాసనకు నేను రెండేళ్లు ఫినాయిల్ పోశాను, అయినా పోలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం చెంబుడు నీళ్లు పోస్తున్నాను, వాసన పోయింది. దయచేసి ఈ ఒక్క చిట్కానే పంపండి, మూడోదాన్ని మీ ఫోన్లో నుంచి ఇప్పుడే తీసివేయండి.