ఢాకా పేరెత్తని మాతృభాషా దినోత్సవం

ఏటా జరిగే తంతే నిన్నా జరిగింది. ఆడపిల్లలు పరికిణీల్లో, మగపిల్లలు పంచెల్లో వచ్చారు. తెలుగుతల్లి పటానికి దండ పడింది. నాలుగు వేమన పద్యాలు, 'దేశభాషలందు తెలుగు లెస్స', వందన సమర్పణ, చివర్లో బిస్కెట్ ప్యాకెట్లు. వెనక ఫ్లెక్సీ మీద మాత్రం 'అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం' అని పెద్దక్షరాలు. ఇందులో అంతర్జాతీయం ఏముంది సార్ అని ఏ పిల్లాడైనా లేచి అడిగితే చాలా బడుల్లో జవాబు దొరకదు. ఫిబ్రవరి 21నే ఎందుకో చెప్పాలంటే పొరుగుదేశం పేరెత్తాలి మరి!

1952లో ఆ రోజు, ఇప్పటి బంగ్లాదేశ్ ఇంకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు, ఢాకా విద్యార్థులు 144 సెక్షన్‌ను ధిక్కరించి రోడ్డెక్కారు. ఉర్దూతో పాటు తమ బెంగాలీనీ అధికార భాషగా గుర్తించాలన్నదే వాళ్ల డిమాండ్. పాకిస్తాన్ పోలీసులు కాల్పులు జరిపారు. బర్కత్, రఫీక్, జబ్బార్, సలాం ఆ తూటాలకే బలయ్యారు. ఇప్పటికీ ఆ రోజు పొద్దున్నే అక్కడి జనం చెప్పుల్లేకుండా, చేతిలో పూలతో ఆ అమరుల స్మారకం షహీద్ మినార్‌కు నడుస్తారు. బంగ్లాదేశ్ ప్రతిపాదిస్తేనే 1999లో యునెస్కో ఈ రోజును ప్రపంచానికంతటికీ ప్రకటించింది. అదే 1952లో, పది నెలలు తిరక్కుండానే, మద్రాసులో పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్షతో ప్రాణం విడిచారు. అక్కడ భాష కోసం, ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ల రాష్ట్రం కోసం. రెండూ పక్కపక్కన పెట్టి చెబితే వెనక బెంచీ పిల్లలు కూడా చెవులు రిక్కించి వింటారు. చెప్పేదెవరు?

మన పిల్లలకు పొరుగుదేశాలంటే బిట్లు. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఎప్పుడు ఏర్పడింది? 1985. సచివాలయం ఎక్కడ? ఖాట్మండు. అయిపోయింది. స్టేషనరీ షాపులో అమ్మే భారతదేశం అవుట్‌లైన్ మ్యాప్ చూడండి. నీలం స్కెచ్‌తో బ్రహ్మపుత్ర గీస్తున్న పిల్లాడు అస్సాంలో, బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గరున్న ధుబ్రీ దాటగానే చెయ్యి ఎత్తేస్తాడు. అక్కడినుంచి తెల్లకాగితమే. ఆ తెల్లకాగితంలోనే నది జమునగా పేరు మార్చుకుని, పద్మ పేరుతో వచ్చే గంగను కలుపుకుని, మన బంగాళాఖాతంలోనే పడుతుంది. 2018లో ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసిన తుపానుకు తిత్లీ, అంటే సీతాకోకచిలుక, అని పేరిచ్చింది పాకిస్తాన్. తుపాన్ల పేర్ల జాబితా ఈ ప్రాంత దేశాలన్నీ కలిసి రాసుకుంటాయన్న సంగతి తుపాను మీద పడ్డ ఊళ్ల పిల్లలకైనా చెప్పామా?

ఇక మయన్మార్. ఉత్తరాంధ్ర పల్లెల్లో 'మా తాత రంగం వెళ్లాడు' అన్న మాట ఇంకా వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతోనే అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. విశాఖలో బర్మా క్యాంపు అని ఒక పేటే ఉంది. ఆ పేట పక్క బడిలోనూ పాఠం 'రాజధాని నేపిడా' దగ్గరే ఆగితే ఏమనాలి? గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లి పాక్ జైల్లో పడిన మన మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చినప్పుడు టీవీల ముందు కూర్చుని చూశాం. సముద్రంలో సరిహద్దు ఎలా ఉంటుందో ఆ మర్నాడు ఎన్ని తరగతి గదుల్లో చెప్పి ఉంటారు?

సిలబస్ ఇప్పటికే బరువైందని, ఈ ఉద్రిక్తతల్లో బంగ్లాదేశ్, పాకిస్తాన్ పేర్లెత్తితే లేనిపోని టెన్షన్ అని టీచర్లు జంకడం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఫిబ్రవరి 21 గురించి చెప్పడానికి కొత్త పుస్తకం అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. పైగా శత్రువే అనుకున్నా, ఎవరో తెలియకుండా శత్రువనడం ఏం చదువు?

అసలు ఒళ్లుమండేది ఈ ద్వంద్వనీతికే. ఢిల్లీ 'పొరుగుకే ప్రథమ ప్రాధాన్యం' అంటుంది. 2023 జీ-20కి 'వసుధైవ కుటుంబకం' నినాదమైంది. ఆ కుటుంబంలో పక్కింటివాళ్లు ఎవరో మాత్రం పిల్లలకు చెప్పరు. గేటు మీద 'ఇంటర్నేషనల్', 'గ్లోబల్' అని రాసుకుని లక్షల్లో ఫీజులు గుంజే బడులు ఇంకో రకం. అక్టోబరు చివర్లో అక్కడ పిల్లలకు హాలోవీన్ మాస్కులు తగిలిస్తారు. బెంగాలీల కొత్త సంవత్సరం పొయిలా బైశాఖ్, నేపాల్ దసరా పండుగ దశైన్ అంటే ఆ పిల్లలూ, వాళ్ల ప్రిన్సిపాళ్లూ ఒకేలా తెల్లమొహం వేస్తారు. ఇంటర్నేషనల్ అంటే అమెరికా ఒక్కటేనా?

విద్యాశాఖ పెద్దలకు పెద్ద పనేమీ చెప్పడం లేదు. వచ్చే ఏడాది సర్క్యులర్‌లో ఢాకా అన్న రెండక్షరాలు చేర్చండి. అందుకూ చేతులు రాకపోతే ఆ ఫ్లెక్సీ మీంచి 'అంతర్జాతీయ' అన్న మాటైనా చెరిపేయించండి.